తారీకు లేని బొమ్మ: ఉద్దానంలో అయిదు రోజులు

మొదటి రోజు: శ్రీకాకుళం నుంచి తేలినీలాపురం

పొద్దున్న ఆరుంపావుకి శ్రీకాకుళం కాంప్లెక్స్‌కి చేరేసరికి టెక్కలి బస్సులో మా బుజ్జి అప్పటికే కిటికీ సీటు పట్టేసింది. మా చిన్నక్క ఆఖరి కూతురు. పరాయి రాష్ట్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. "మావయ్యా, ఉద్దానంలో తోటలున్నవాళ్లు నీకు తెలుసు కదా, జీడి పూతకి అయిదు రోజులు తోడు రావా" అని సంక్రాంతికి అడిగింది. రిటైరై రెండేళ్లయింది. ఇంట్లో నన్ను ఎవరూ ఆపలేదు సరికదా, మా ఆవిడ సంచీ కూడా సర్దిపెట్టింది.

నేను ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. ఆహార జాలకం బొమ్మ కళ్లు మూసుకుని గీయగలను. కింద గడ్డి, దాని మీద మిడత, కప్ప, పాము, పైన గద్ద. పక్కన కుందేలు, నక్క. మధ్యలో బాణాలు. నక్క తోక బాగా కుదిరితే పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. నరసన్నపేట దాటాక ఈ సంగతంతా బుజ్జికి కొంచెం గొప్పగానే చెప్పాను.

అంతా విని, "ఆ బొమ్మ మీద ఎప్పుడైనా తారీకు వేశావా మావయ్యా?" అంది.

"బొమ్మకి తారీకేమిటే?"

"నా రిసెర్చ్ అదే," అని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. కోటబొమ్మాళి వచ్చేదాకా నాకు మాట దొరకలేదు.

టెక్కలిలో ఉప్మా పెసరట్టు తిని ఆటో మాట్లాడుకున్నాం. నౌపడ రోడ్డు పట్టి కాస్త వెళ్తే తేలినీలాపురం. ఊళ్లోకి రాకముందే వాసన తగులుతుంది, ఎండు చేపలూ తడిసిన సున్నమూ కలిపినట్టు. తర్వాత చప్పుడు. ఎర్రకాళ్ల కొంగల పిల్లలు ఆకలేసి అరుస్తుంటే చెట్టు మొత్తం గొంతు చించుకుంటున్నట్టుంది. గూడబాతుల పిల్లలు తల్లి గొంతు సంచీలోకి తలంతా దూర్చి తింటున్నాయి. చూడ్డానికి తల్లి పిల్లని మింగేస్తోందేమో అనిపిస్తుంది. రెట్టలతో కొమ్మలు తెల్లగా అయిపోయాయి, సున్నం వేసిన గోడల్లా.

సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లో చెప్పారు. పేపర్లో కూడా అలాగే రాస్తారు. నేనూ క్లాసులో అదే చెప్పాను. బుజ్జి తల అడ్డంగా ఊపింది. ఈ గూడబాతూ, ఈ ఎర్రకాళ్ల కొంగా మన ఉపఖండపు పక్షులేనట, సైబీరియాలో ఉండనే ఉండవట. నీళ్లూ చేపలూ ఎక్కడ దొరికితే అక్కడికి మన దేశంలోనే తిరుగుతూ, గూళ్ల కాలానికి నచ్చిన ఊరు చేరుకుంటాయి. ఈ మాట ఊరివాళ్లతో అనవద్దని నేను కళ్లతో సైగ చేశాను. సైబీరియా అనడంలో వాళ్లకో గౌరవం ఉంది. పైగా అక్కడున్న పెద్దావిడ "పురిటికొచ్చిన ఆడపిల్లలమ్మా ఇవి" అంటోంది. పుట్టింటికి వచ్చిన పిల్ల ఎంత దూరం నుంచి వస్తే అంత ముద్దు కదా.

బుజ్జి పైకి చూసింది తక్కువ, కింద చూసింది ఎక్కువ. పిల్లల నోటి నుంచి జారిన చేప కింద పడుతుంది. కాకి వస్తుంది. కాకిని తరిమి కుక్క వస్తుంది. వీటన్నిటినీ టైముతో సహా రాసుకుంది. "ఇప్పుడు చెప్పు, మావయ్యా. ఈ చెట్టు కింద కాకికీ చేపకీ ఒక బాణం గీయాలి. జూన్‌లో వచ్చి గీస్తే?"

జూన్‌లో ఈ చెట్ల మీద పక్షులుండవు. చేప పడదు. కాకి ఉంటుంది, బాణం ఉండదు.

చీకటి పడేలోపు పలాస చేరి లాడ్జిలో దిగాం. దోమలు ఉన్నాయి. వాటికి కూడా తారీకు అక్కర్లేదనుకుంటాను.

రెండో రోజు: జీడితోట

నా దగ్గర చదివిన కుర్రాడొకడు (ఇప్పుడు వాడికి నలభై దాటాయి) పలాస దాటి కొంచెం దూరంలో తోట చేస్తున్నాడు. గేటు దగ్గరే ఎదురొచ్చి, "ఇలగొచ్చేసారేటి మాస్టారూ, కబురెట్టుంటే బండంపుదును కదా" అన్నాడు. వాడు పదో తరగతిలో జీవశాస్త్రం తప్పాడు. ఆ విషయం మేమిద్దరం ఎత్తలేదు.

ఫిబ్రవరి కాబట్టి పూత మంచి జోరు మీద ఉంది. జీడిపువ్వు చిన్నది, అరంగుళం కూడా ఉండదు. విచ్చినప్పుడు తెల్లగా ఉండి గులాబి చారలు తేలతాయి. ఒకే పూగుత్తిలో మగపూలు బోలెడు, ఆడా మగా రెండూ ఉన్న పూలు కొద్ది. పిక్క పట్టేది ఆ కొద్దిపాటి పూలకే. పుప్పొడి బంకగా ఉంటుంది, గాలికి ఎగిరిపోయే రకం కాదు. ఎవరో ఒకరు కాళ్లకి అంటించుకుని మోయాలి. ఆ ఎవరో ఒకరు ఎవరన్నదే బుజ్జి లెక్క.

పని పైకి చాలా తేలిక. చెట్టుకో నంబరు. ఒక గుత్తి ముందు పది నిమిషాలు కదలకుండా కూచోవాలి. ఏ పురుగు వచ్చింది, పువ్వు లోపలి కేసరాల్ని తాకిందా లేక ఊరికే రేకు మీద ఎండ కాచుకుందా, రాసుకోవాలి. తర్వాత ఇంకో గుత్తి. అలా మధ్యాహ్నం దాకా. రాసిన కాగితాలన్నీ కలిపితే ఒక పెద్ద పట్టిక వస్తుంది: అడ్డంగా పూలు, నిలువుగా పురుగులు, కలిసిన చోట టిక్కు. ఆ టిక్కుల అల్లికనే వీళ్లు నెట్‌వర్క్ అంటారు.

నాకూ ఒక అట్ట, పెన్ను ఇచ్చింది. గంటన్నర తర్వాత నా కాగితాలు చూసి, "ఇన్ని తేనెటీగలే?" అంది. నా చెయ్యి పట్టుకుని ఒక గుత్తి దగ్గరికి తీసుకెళ్లి వేలు పెట్టి చూపించింది. నడుం మీద పసుపు నలుపు చారలు, చూడగానే తేనెటీగే. కానీ కళ్లు మొహమంతా పరుచుకుని ఉన్నాయి. మీసాలు పొట్టి. రెక్కలు రెండే. అది ఈగ, తేనెటీగ వేషం వేసుకున్న పూల ఈగ. తేనెటీగకు నాలుగు రెక్కలు, ఈగకు రెండు అని ఒక మార్కు ప్రశ్న ఇచ్చినవాణ్ణి నేను. తోట కుర్రాడు పక్కకి తిరిగి నవ్వుకున్నాడు. అతనికి ఆ హక్కు ఉంది.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి. నేను ఏ కాగితం మీదా టైము వెయ్యలేదు. బుజ్జి ఏమీ అనలేదు, నా కాగితాలు నాలుగు మడతలు పెట్టి సంచీ అడుగున పెట్టేసింది. మా హెడ్‌మాస్టర్ల తిట్లు ఇంతకంటే నయం.

ఈ జీడిచెట్టు కథ కూడా రాకపోకల కథే. దాని పుట్టిల్లు బ్రెజిల్. పోర్చుగీసువాళ్లు పదహారో శతాబ్దంలో మన తీరానికి తెచ్చారు. బ్రెజిల్‌లో దాని పూలకి సెంట్రిస్ అనే తేనెటీగ ఒకటి ఉంది, పువ్వు నూనెలు కూడా సేకరించే రకం. ఆ తేనెటీగ ఓడ ఎక్కలేదు. చెట్టు ఒక్కతే వచ్చింది, తోడు పెళ్లికూతురు లేకుండా కాపురానికి వచ్చిన కోడలిలా. ఇక్కడి చిన్న తేనెటీగలు, ఈగలు, చీమలు, కందిరీగలు దానికి కొత్త చుట్టాలయ్యాయి. పలాస బజారు మొత్తం ఈ కొత్త చుట్టరికం మీద నడుస్తోంది.

చీమల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అవి నన్ను ప్రత్యేకంగా కరిచాయి. ఆకుల్ని కలిపి కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలు. ఒక కొమ్మ పక్కకి తప్పించబోతే మోచేతి దాకా ఎక్కేశాయి. "అవుంటే టీ దోమ తక్కువ మాస్టారూ," అన్నాడు కుర్రాడు. టీ దోమ అంటే దోమ కాదు, లేత చిగురూ పూతా రసం పీల్చి మాడ్చేసే నల్లి జాతి పురుగు. జీడి రైతుకి అదే పెద్ద శత్రువు. చిగురు వేసే రోజుల్లో చీమ కాపలాదారు. మరి పూత రోజుల్లో? చీమలు పాకుతున్న గుత్తి మీదికి ఒక తేనెటీగ వాలబోయి, గాల్లోనే ఆగి, పక్క గుత్తికి వెళ్లిపోవడం నేనే చూశాను. ఆ ఒక్క కాగితం మీద మాత్రం టైము వేశాను: 10:40. అదే చెట్టు, అదే చీమ. డిసెంబర్‌లో మేలు, ఫిబ్రవరిలో కీడేమో. కీడని ఇప్పుడే అనకూడదని బుజ్జి హెచ్చరించింది. ఒక్క తేనెటీగని చూసి చీమ మీద కేసు పెట్టలేం.

రాత్రి భోజనం కుర్రాడి ఇంట్లోనే. పనసకాయ కూర. తిన్నాక అరుగు మీద కూచుని, నెట్‌వర్క్ ఎలా మారుతుందో ఈసారి నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. ఏదో చెప్పబోయి ఆగి, "మన ఇళ్లలో చదివింపుల పుస్తకం ఉంటుంది కదా?" అంది.

ఉంటుంది. మా పెద్దక్క పెళ్లి పుస్తకం 1979 నాటిది, మా అమ్మ ట్రంకు పెట్టెలో దాచింది. 1988లో చిన్నక్క పెళ్లికి, అంటే బుజ్జి వాళ్లమ్మ పెళ్లికి, ఆ పాత పుస్తకం పక్కన పెట్టుకునే కొత్తది రాశారు. ఎవరు ఎంత చదివించారు, మనం వాళ్లకి ఎంత చదివించాలి అన్నీ అందులో ఉంటాయి. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెడితే తొమ్మిదేళ్లలో మా బంధుత్వాలకి ఏమైందో కనిపిస్తుంది. కొందరు పోయారు. కొందరు కొత్తగా వియ్యంకులయ్యారు. ఇంకొందరు ఉన్నారు, అదే ఊళ్లో, అదే వీధిలో. గట్టు తగాదా వచ్చి రాకపోకలు మాత్రం తెగిపోయాయి.

బుజ్జి లేచి కూచుంది. "అదే మావయ్యా! పోయినవాళ్ల వల్ల తెగినవి ఒక లెక్క. ఇద్దరూ ఉండి తెగినవి ఇంకో లెక్క. రెండు నెట్‌వర్కుల మధ్య తేడాని ఇలా రెండుగా విడదీసే పద్ధతి 2012లో తిమోతే పోయిసో, ఆయనతో పనిచేసినవాళ్లు రాశారు." జీవులు మారితే వచ్చిన తేడా ఒక వైపు, అవే జీవులు ఉండగా చుట్టరికాలు మారితే వచ్చిన తేడా ఇంకో వైపు. ఆ రెండోదాన్ని వీళ్లు రీవైరింగ్ అంటారు. కరెంటు తీగలు ఒక స్తంభం నుంచి పీకి ఇంకో స్తంభానికి తగిలించినట్టు. నాకు గట్టు తగాదా మాటే నచ్చింది.

ఇక్కడ మా ఇంటి గుట్టు ఒకటి చెప్పేస్తాను. 1979 పుస్తకంలో మా పెద్దమావయ్య పేరు ఉంది, ఎదురుగా ఖాళీ. మేనమామ వచ్చి, భోంచేసి, ఏమీ చదివించకుండా వెళ్లాడని మా నాన్న మనసులో పెట్టుకున్నాడు. పదకొండేళ్లు మాటల్లేవు. చివరికి తేలిందేమిటంటే, ఆయన పెద్ద ఇత్తడి గంగాళం ఇచ్చాడు. అది ఆ పదకొండేళ్లూ మా పెరట్లోనే ఉంది, దాంట్లోనే నీళ్లు కాచుకున్నాం. రాసేవాడు పేరు రాసి భోజనానికి లేచాడు, తర్వాత కూచున్నవాడు కింది వరస నుంచి మొదలెట్టాడు. బుజ్జికి ఈ కథ తెలియదు. పడీ పడీ నవ్వి, తర్వాత నోటుబుక్కులో ఏదో రాసుకుంది.

మూడో రోజు: తిత్లీ పడగొట్టిన తోటలు

వజ్రపుకొత్తూరు మండలంలోకి వెళ్లాం. ఉద్దానం అంటే ఉద్యానవనమే అంటారు. బయటివాళ్లకి ఈ పేరు వినగానే కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది. మాకు కొబ్బరి నీడ గుర్తొచ్చేది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఇక్కడే తీరం దాటింది.

తోట పెద్దాయనకి డెబ్బై పైనే ఉంటాయి. చేతికర్రతో చూపిస్తూ నడిచాడు. "రేతిరంతా ఒకటే ఊల. తెల్లారి తలుపు తీసి సూస్తే ఏటుంది బావూ, ఆకాశం కనబడతంది. అంతకు ముందు ఇక్కడ నిలబడితే ఆకాశం కనిపించీది కాదు."

ఈ మాట దగ్గర బుజ్జి నడక ఆపేసింది.

ఆకాశం కనబడిందంటే నేల మీద ఎండ పడిందన్నమాట. కొబ్బరి, జీడి, పనస కలిసి ఇచ్చిన నీడలో ఉండే మొక్కలు మాడాయి, ఎండ కోరే కలుపు లేచింది. ముదురు మానుల తొర్రలు పోయాయి, తొర్రల్లో గూడు పెట్టే తేనెటీగలకి ఇళ్లు పోయాయి. ఆ తర్వాత నాటిన జీడి అంట్లు ఇప్పుడు కాపు మీద ఉన్నాయి, కానీ ఇంకా తొర్ర పడే వయసు కాదు. కొబ్బరికైతే నాటిన తర్వాత కాపుకే ఎన్నో ఏళ్లు ఆగాలి. చెట్లు తిరిగి నాటొచ్చు. వాటి చుట్టూ ఉన్న రాకపోకలు ఎవరు నాటుతారు అని నాకు ఒక డైలాగు తట్టింది గానీ, పెద్దాయన ముందు నోరు మూసుకున్నాను. ఆయన నష్టం చెట్లే.

"తుఫానుకి ముందు జీడిపూత మీద ఏవి వాలేవి తాతా?" అని బుజ్జి అడిగింది.

"వాలీవి సూడ్డానికి మాకు తీరికేదమ్మా? పిక్క పడిందా లేదా, అదే సూసీవోళ్లం."

నిజమే. ఉద్దానానికి పాత పుస్తకం లేదు. అదే బుజ్జి బాధ. మధ్యాహ్నం పనసచెట్టు కింద అటుకులు తింటూ, పాత పుస్తకం ఉన్న ఊరు ఒకటి చెప్పింది. వినగానే ఆ మాస్టారు మీద నాకు అసూయ కలిగింది.

అమెరికాలో ఇల్లినాయిస్ రాష్ట్రం, కార్లిన్‌విల్ అనే చిన్న ఊరు. అక్కడి కాలేజీలో చార్లెస్ రాబర్ట్‌సన్ అనే ఆయన వృక్షశాస్త్రమూ గ్రీకూ చెప్పేవాడు. 1884 నుంచి 1916 దాకా తన ఊరి చుట్టుపక్కలే తిరిగి, ఏ పువ్వు మీద ఏ పురుగు వాలిందో ఓపిగ్గా రాసిపెట్టాడు. 1970ల మొదట్లో జాన్ మార్లిన్ అదే ఊరికి వెళ్లి మళ్లీ చూశాడు. 2009, 2010లలో లారా బర్కిల్ మూడోసారి చూసింది. ఆమె, మార్లిన్, టిఫనీ నైట్ కలిసి 2013లో సైన్స్ పత్రికలో ఫలితం ప్రకటించారు. అడవిలో నేల మీద పూసే 26 రకాల మొక్కలు, 109 రకాల తేనెటీగలు, వాటి మధ్య 532 రాకపోకలు, ఇది పాత లెక్క. నూట ఇరవై ఏళ్ల తర్వాత ఆ 532లో మిగిలినవి 125. అంటే నూటికి 24. తేనెటీగల్లో సగం రకాలు అసలు కనబడలేదు.

"సగం తేనెటీగలు పోతే సగం చుట్టరికాలు పోవాలి కదే. ముప్పావు వంతు ఎలా పోయాయి?" అన్నాను. లెక్కల మాస్టారు పక్కన కూచుని ముప్పై ఏళ్లు టీ తాగిన ఫలం.

"గట్టు తగాదాలు మావయ్యా," అంది. అన్నీ పోయినవాళ్ల ఖాతాలో వెయ్యలేం. కొన్నిచోట్ల పువ్వు ముందే పూసి రాలిపోతోంది, తేనెటీగ బయటికొచ్చే రోజులు వేరే అయిపోయాయి. ఇంకొన్నిచోట్ల పువ్వు ఒక తోపులో మిగిలింది, తేనెటీగ ఇంకో తోపులో మిగిలింది, మధ్యలో పొలాలు. రెండూ బతికే ఉన్నాయి. కలుసుకోవడం లేదు. మరి ఊరు మొత్తం మాట్లాడుకోవడం మానేసిందా అంటే అదీ కాదు, పాత పుస్తకంలో లేని 121 కొత్త చుట్టరికాలు కూడా కనబడ్డాయి. పాత నష్టాన్ని అవి పూడ్చలేదు. పువ్వులకి అందే పుప్పొడి సాయం తగ్గిందనే వాళ్లు తేల్చారు.

సాయంత్రం ఉద్దానంలో కొత్త చుట్టాన్ని ఒకదాన్ని చూశాం, ఎవరూ పిలవనిది. కొబ్బరాకు తిరగేస్తే అడుగున తెల్లటి మైనపు గీతలు సుడులు సుడులుగా ఉన్నాయి, సంక్రాంతి ముగ్గు వేయడం మొదలుపెట్టిన చిన్నపిల్ల గీతల్లా. సర్పిలాకార తెల్లదోమ, ఇదీ దోమ కాదు, ఆకు రసం పీల్చే చిన్న పురుగు. దీన్ని మొదట 2004లో మధ్య అమెరికాలోని బెలీజ్ నుంచి వర్ణించారు. మన దేశంలో 2016లో తమిళనాడు, కేరళ వైపు కనబడి తీరమంతా పాకింది. అది కార్చే తీపి జిగురు కింది ఆకుల మీద పడితే దాని మీద నల్ల మసి బూజు పెరుగుతుంది. ఇక్కడ కొబ్బరి కింద వేసిన అనాస ఆకులు వంటింటి గోడల్లా ఉన్నాయి.

"మందు కొట్టినాం. తగ్గినట్టు తగ్గి మళ్లీ పట్టింది," అన్నాడు పెద్దాయన.

బుజ్జి భూతద్దం నా కంటికి పెట్టింది. తెల్లదోమ పిల్లల్లో కొన్ని నల్లబడి ఉన్నాయి. ఒకదాని వీపు మీద సూదితో పొడిచినట్టు గుండ్రటి కన్నం. ఎన్‌కార్సియా అనే కందిరీగ జాతి పురుగు చేసిన పని అది. చీమ తలకంటే చిన్నది. తెల్లదోమ పిల్లలో గుడ్డు పెడుతుంది, దాని బిడ్డ లోపలంతా తినేసి ఆ కన్నంలోంచి బయటికి వస్తుంది. తెల్లదోమ వెనకాలే, ఎవరూ తీసుకురాకుండా, ఇదీ మన దేశానికి వచ్చేసింది. మందు కొడితే ముందు చచ్చేది ఇదే. అందుకే విషపు మందులు ఆపమని ఉద్యాన శాఖవాళ్లు చెబుతారు. పెద్దాయన భూతద్దంలో చాలాసేపు చూశాడు. నమ్మాడో లేదో తెలియదు. "కన్నవైతే ఉంది," అన్నాడు.

నాలుగో రోజు: మందస, సోంపేట

పెద్దగా రాయడానికి లేదు. మందసలో దిగింది కోవా కోసం, వాసుదేవ పెరుమాళ్ గుడి చూశామని ఇంట్లో చెప్పాం. గుడి నిజంగానే చూశాం, కోవా తిన్నాక. తర్వాత బస్సు తప్పిపోయింది. రెండు గంటలు రోడ్డు పక్క వేపచెట్టు కింద కూచున్నాం. ఆ రెండు గంటల్లోనే బుజ్జి అసలు టెన్షన్ బయటపడింది.

తనకి దొరికేవి రెండు పూత కాలాలు. దాంతో ఏం చెప్పగలం? గ్రీసులో ఏథెన్స్ దగ్గర డాఫ్నీ అనే చోట 1980లలో నాలుగేళ్లు వరసగా పూలనీ పురుగుల్నీ గమనించారట. ఒక ఏడాది ఒకే పువ్వుని పట్టుకుని వేలాడిన పురుగు మరుసటేడు నాలుగిళ్లు తిరుగుతూ కనబడింది. ఏడాదికీ ఏడాదికీ జాబితా అంతగా మారిపోయింది. ఒక్క ఏడాది చూసి "ఇది ఆ పువ్వుకే అంకితం" అని రాసేవాడు తప్పులో కాలేసినట్టే. కొలరాడో కొండల్లో పాల్ కారాడోనా బృందం వారం వారం చూస్తే, ఒకే పూత కాలంలో వారానికీ వారానికీ నెట్‌వర్క్ తిరగబడిపోయింది. దాంట్లో పెద్ద వాటా రీవైరింగ్‌దే. అంటే పాత మనుషులే, కొత్త చుట్టరికాలు. 2017లో అచ్చయిన పని ఇది.

"మరి నీ రెండేళ్లు?" అన్నాను.

"మొదటి పుస్తకం మావయ్యా. రాబర్ట్‌సన్‌కి మాత్రం ముందేముంది?"

అంత వయసు పిల్ల అలా అనేసరికి కోవా పొట్లంలో మిగిలిన ముక్క దానికే ఇచ్చేశాను. ఆ తర్వాత వచ్చిన బస్సులో నిలబడే సోంపేట వెళ్లాం.

సోంపేట బీల దగ్గరికి వెళ్లేసరికి ఎండ దిగింది. బీల అంటే ఈ ప్రాంతపు చిత్తడి నేల. ఇక్కడ థర్మల్ కేంద్రం వద్దని ఊళ్లన్నీ లేచి, 2010 జులైలో పోలీసు కాల్పుల దాకా వెళ్లింది. కేంద్రం రాలేదు. నీళ్లు ఉన్నాయి. గట్టు మీద నత్తగుల్లలు, ఎవరో తిని పారేసినట్టు ఖాళీవి. బుజ్జి రెండు ఏరి జేబులో వేసుకుంది. రేపటికి, అంది.

అయిదో రోజు: తేలుకుంచి

ఇచ్ఛాపురం నుంచి ఆటోలో తేలుకుంచి. ఈ ఊరు నత్తగుల్ల కొంగలది. ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలే కొంగ. ఆ ముక్కుతో గుల్లలోంచి నత్తని చాకచక్యంగా లాగి తింటుంది. వానలకి ముందు, జూన్‌లో, ఇక్కడి చింతచెట్లకి వస్తాయి. గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి, చలికాలానికి వెళ్లిపోతాయి. అవి వస్తే వానలు బాగా పడతాయని ఊరి నమ్మకం. వాటి మీద రాయి వేసేవాడు ఈ ఊళ్లో లేడు.

మేం వెళ్లింది ఫిబ్రవరిలో. ఒక్క కొంగ లేదు. చింతచెట్ల మీద చిదికిపోయిన పాత గూళ్లు, కింద ఎండిపోయిన రెట్ట మరకలు. తేలినీలాపురంలో చెవులు గింగిర్లెత్తిన నాకు ఈ నిశ్శబ్దం తమాషాగా ఉంది. ఒకే జిల్లా. ఒక ఊళ్లో పురిటి సందడి, ఇంకో ఊళ్లో పెళ్లివారు వెళ్లిపోయిన పందిరి. మరో నాలుగు నెలలకి ఇది తిరగబడుతుంది.

నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. "లేవని తెలిసీ ఎందుకే ఇంత దూరం?"

బుజ్జి జవాబు చెప్పలేదు. అట్ట తీసింది. చెట్టు నంబరు వేసింది. తారీకు వేసింది. టైము వేసింది, 9:15. నత్తగుల్ల కొంగ అనే వరసలో సున్నా పెట్టింది. రెండో చెట్టుకీ అలాగే. మూడో చెట్టుకి అట్ట నా చేతికిచ్చింది. పాత గూళ్లు లెక్కపెట్టి, టైము వేసి, సున్నా చుట్టాను. మా పెద్దమావయ్య పేరు పక్కన ఉన్న ఖాళీ గుర్తొచ్చింది. ఆ రోజు రాసేవాడు ఏదో ఒక అంకె వేసి ఉంటే బాగుండేది.

చింతచెట్టు మొదట్లో మంచం వేసుకున్న ముసలాయన మమ్మల్ని మొదటి నుంచీ చూస్తున్నాడు.

"ఏటి రాత్తన్నావమ్మా అంతసేపు?"

"కొంగలు, తాతా."

"కొంగలెక్కడున్నాయి ఇప్పుడు?"

"లేవని రాస్తున్నాను."

ఆయన నా వైపు తిరిగాడు, ఈ పిల్లకి ఏమైనా తేడానా అన్నట్టు. "లేవని రాయడానికి శ్రీకాకుళం నుంచొచ్చినారేటి బావూ?"

వచ్చామన్నాను. జేబులోని గుల్లలు బుజ్జి ఆయన చేతిలో పెట్టింది. తిరగేసి చూసి, "బీలవా?" అన్నాడు. ఇంతకు ముందు పొలాల్లో కూడా ఇంతింత గుల్లలు ఉండేవని, మందులు ఎక్కువయ్యాక చిన్నవే కనబడుతున్నాయని, అయినా కొంగలు మాత్రం రాకుండా మానలేదని చెప్పాడు. ఏం తింటున్నాయో మరి అన్నాడు. ఈ ప్రశ్న బుజ్జి అట్ట మీద అడుగున విడిగా రాసుకుంది, టైముతో సహా.

ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. లేచి వస్తుంటే ముసలాయన వెనకనుంచి కేకేశాడు.

"జూన్ నెల్లో రండమ్మా. అప్పుడు నీ కాయితాలు సాలవు!"